బీబీ కింగ్ గోడు వెళ్లబోసుకుంటే జనం ఎందుకు నవ్వారు?

ఒకాయన తన కాపురం గోడు చెప్పుకుంటున్నాడు. ఆవిడకి సరికొత్త ఫోర్డ్ కారు కొనిపెట్టాడట, ఆవిడేమో అంతకంటే ఖరీదైన క్యాడిలాక్ కావాలందట. పది డాలర్లు పోసి డిన్నర్ పెట్టిస్తే, చిరుతిండికి థాంక్స్ అందట. పెంట్‌హౌస్‌లో ఉండనిస్తే అదో పాక అందట. ఏడుగురు పిల్లల్ని ఇస్తే, ఇప్పుడు వాళ్లని వెనక్కి తీసుకోమంటోందట.

చెబుతున్నది బ్లూస్ గాయకుడు, గిటారిస్టు బీబీ కింగ్. చోటు చికాగో సౌత్ సైడ్‌లోని రీగల్ థియేటర్. 1964 నవంబర్ 21, శనివారం. పిల్లల మాట రాగానే హాలంతా ఒక్కసారిగా గోలెత్తిపోతుంది. ఆడవాళ్ల కేకలు, మగవాళ్ల నవ్వులు, చప్పట్లు అన్నీ కలిసి వాద్యాల్ని మించిపోతాయి. ఆ సాయంత్రం రికార్డు చేసిన పది పాటల్ని ఏబీసీ-పారమౌంట్ కంపెనీ మరుసటి ఏడాది 'లైవ్ ఎట్ ద రీగల్' పేరుతో విడుదల చేసింది. మొత్తం నిడివి దాదాపు 35 నిమిషాలు. నిర్మాత జానీ పేట్. బ్లూస్ గిటార్ నేర్చుకునే ప్రతివాడూ ఏదో ఒక దశలో ఈ రికార్డు దగ్గరికి వస్తాడు. వచ్చినవాళ్లలో ఎక్కువమంది గిటార్ నేర్చుకుని వెళ్లిపోతారు. ఆ నవ్వుల సంగతి మాత్రం పెద్దగా పట్టించుకోరు.

బ్లూస్ అంటే నల్లజాతి వారి విషాద గీతాలు అన్న నిర్వచనం మన దగ్గర కూడా బాగానే స్థిరపడింది. పత్తి చేలు, బానిసత్వం, ఒంటరితనం, ఒక గిటారు. అందులో అబద్ధమేమీ లేదు. కానీ ఆ నిర్వచనంతో రీగల్ రికార్డు వింటే సగం అర్థం కాదు. మనిషి తనను ఎవరూ ప్రేమించడం లేదని పాడుతుంటే మూడు వేల మంది పట్టే హాల్లో జనం పండగ చేసుకోవడం ఏమిటి? కవి లాంగ్‌స్టన్ హ్యూస్ ఈ సంగతి చాలా ముందే గమనించాడు. బ్లూస్‌లో దాదాపు ఎప్పుడూ ఉండే భావం నిరాశే అయినా, వాటిని పాడుతుంటే జనం నవ్వుతారని 1927లో తన కవితా సంపుటికి రాసిన చిన్న గమనికలో అన్నాడు. రీగల్ రికార్డు మొత్తం ఆ వాక్యానికి సాక్ష్యం. పైగా ఇక్కడ నవ్వు దుఃఖం మీద చల్లిన చక్కెర కాదు. పాట కట్టుబడిలోనే, గిటార్ పలికే స్వరాల్లోనే, పాటకీ పాటకీ మధ్య మాటల్లోనే అది ఉంది.

కట్టుబడితోనే మొదలుపెడదాం. బ్లూస్‌లో అతి మామూలు రూపం పన్నెండు బార్లది. బార్ అంటే నాలుగు దెబ్బల తాళ భాగం. తాళంలో ఆవర్తనం ఎలా తిరిగి వస్తుందో, ఈ పన్నెండు బార్ల చుట్టు అలా పాట పొడుగునా తిరుగుతూనే ఉంటుంది. ఒక్కో చుట్టులో మూడు పాదాలు, పాదానికి నాలుగు బార్లు. మొదటి పాదంలో ఒక మాట చెబుతారు. రెండో పాదంలో అదే మాటను, కింద వాద్యాలు పలికే స్వరాలు మార్చి, మళ్లీ చెబుతారు. మూడో పాదంలో దానికి ముడి విప్పుతారు. ఉదాహరణకి, ఈ వ్యాసం కోసం అల్లిన ఒక దొంగ బ్లూస్:

ఇంటాయన అద్దెకొచ్చి తలుపు దబదబా బాదుతున్నాడు,
అయ్యో, ఇంటాయన అద్దెకొచ్చి తలుపు దబదబా బాదుతున్నాడు,
తలుపు అమ్ముకుని తిని రెండు నెలలైంది, ఏం బాదుతున్నాడో ఏమో.

మొదటి పాదం విన్నప్పుడు మనకు వచ్చేది జాలి. రెండోసారి అదే మాట విన్నప్పుడు జాలితో పాటు ఎదురుచూపు కూడా మొదలవుతుంది. సరే, తర్వాత ఏమైంది? మూడో పాదం ఆ ఎదురుచూపును తీర్చాలి. ఏడుపుతో తీర్చవచ్చు, నవ్వుతో తీర్చవచ్చు. హాస్యం చెప్పేవాడికి కావలసిన సరంజామా అంతా ఈ రూపంలోనే ఉంది: ముందు సంగతి పరచడం, దాన్ని సాగదీయడం, చివర్లో తిప్పికొట్టడం. ఇంకో సదుపాయం కూడా ఉంది. గాయకుడి మాట నాలుగు బార్లలో సుమారు రెండే తీసుకుంటుంది. మిగతా రెండూ ఖాళీ. ఆ ఖాళీలో ఏదో ఒక వాద్యం బదులు చెప్పాలి. బీబీ కింగ్ దగ్గర ఆ బదులు చెప్పేది లూసిల్.

లూసిల్ అంటే ఆయన గిటార్. ఆ పేరు కథ కూడా ఆయన నవ్వుతూ చెప్పుకునేదే. 1949 చలికాలంలో ఆర్కన్సాలోని ట్విస్ట్ అనే ఊళ్లో ఒక డాన్సు హాల్లో వాయిస్తున్నాడు. చలి కాచుకోవడానికి మధ్యలో కిరోసిన్ పోసి వెలిగించిన డబ్బా. ఇద్దరు మగవాళ్లు కొట్టుకుని దాన్ని తన్నేశారు. హాలు అంటుకుంది. అందరితో పాటు బయటికి ఉరికిన కింగ్, గిటార్ లోపలే ఉండిపోయిందని గుర్తొచ్చి మళ్లీ మంటల్లోకి పరిగెత్తాడు. ప్రాణాలు దక్కాయి. మర్నాడు తెలిసిందేమిటంటే ఆ ఇద్దరూ కొట్టుకున్నది లూసిల్ అనే అమ్మాయి కోసం. ఇలాంటి తెలివితక్కువ పని మళ్లీ చేయకూడదని తనకు తాను గుర్తుచేసుకోవడానికి గిటార్‌కి ఆ పేరు పెట్టుకున్నాడు. ఆ తర్వాత ఎన్ని గిటార్లు మారినా పేరు మారలేదు.

ఈ లూసిల్‌కి ఒక నియమం ఉంది. కింగ్ పాడుతున్నప్పుడు అది పలకదు. అది పలుకుతున్నప్పుడు ఆయన పాడడు. రెండూ ఒకేసారి చేయడం తనకు రాదని ఆయనే ఒప్పుకునేవాడు. కార్డ్స్ వాయించడం, అంటే కొన్ని స్వరాల్ని ఒకేసారి కలిపి మోగించడం, కూడా తనకు సరిగా రాదనేవాడు. 1988లో యూ2 అనే రాక్ బృందం మీద వచ్చిన సినిమాలో, తనకంటే ఎంతో చిన్నవాడైన ఆ బృందం గాయకుడు బోనోకి ఈ మాట ఏ మొహమాటమూ లేకుండా చెబుతాడు. ఈ రెండు లోపాల్లోంచే ఆయన శైలి పుట్టింది. కార్డ్స్ లేవు కాబట్టి ఒక్కో స్వరాన్నే మాట్లాడించాలి. పాడుతూ వాయించడం రాదు కాబట్టి గొంతూ గిటారూ ఇద్దరు మనుషుల్లా వంతులేసుకుని మాట్లాడుకోవాలి. బుర్రకథలో కథకుడి మాటకు వంత పలికేవాడు కొన్నిసార్లు 'అవును' అంటాడు, కొన్నిసార్లు దెప్పిపొడుస్తాడు చూడండి. లూసిల్ చేసేది అదే పని. గాయకుడు గుండె బాదుకుంటే ఒకసారి తానూ ఏడుస్తుంది, ఇంకోసారి 'నీకు అలాగే కావాలి' అన్నట్టు రెండు స్వరాలు విసురుతుంది.

ఆ స్వరాల సంగతి తెలుగు చెవికి చెప్పడం కష్టం కాదు. వీణ మీద మెట్టుపై వేలు ఉంచి తీగను పక్కకు లాగితే స్వరం పైకి ఎక్కుతుంది. గమకం పుట్టే దారుల్లో ఇదొకటి. బ్లూస్ గిటార్‌లో 'బెండింగ్' అంటే చేతి పని సరిగ్గా ఇదే. చిట్టిబాబు వీణ మీద కోయిలను కూయించినప్పుడు విన్నవాళ్ల మొహాల్లో నవ్వు పూయడానికి కారణం వాద్యం వాద్యంలా కాకుండా గొంతులా పలకడం. కింగ్ గిటార్ కూడా అదే తోవలో నడుస్తుంది. ఆయన దూరపు బంధువు బుక్కా వైట్ గిటార్ తీగల మీద లోహపు ముక్క జార్చి వాయించే 'స్లైడ్' పద్ధతిలో దిట్ట. ఆ జారుడు కింగ్‌కి పట్టుబడలేదు. దాని ధ్వని కావాలి, పద్ధతి రాదు. అందుకని తీగ నొక్కిన వేలినే ఇరుసుగా చేసుకుని ఎడమ చేతిని వేగంగా ఊపడం మొదలుపెట్టాడు. ఒక్క స్వరం వణుకుతూ, గాలిలో నిలబడి, మెల్లగా చల్లారుతుంది. రీగల్ రికార్డులో ఏ పాటలోనైనా ఈ వణుకు వినబడుతుంది. ఎవరిదో చెప్పకపోయినా ఆయనదేనని తెలిసిపోతుంది.

ఏ స్వరాలు ఎంచుకున్నాడన్నది ఇంకా ఆసక్తికరం. బ్లూస్ గిటార్ నేర్చుకునేవాళ్లకు మొదట చెప్పే అయిదు స్వరాల వరుస మన శుద్ధ ధన్యాసి స్వరాలే: స, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, ప, కైశికి నిషాదం. అందులో దిగులుంది. కింగ్ అక్కడే ఉండిపోడు. చతుశ్రుతి రిషభం, అంతర గాంధారం, చతుశ్రుతి ధైవతం కూడా తెచ్చుకుంటాడు. అంటే మోహనం స్వరాలు. మోహనం ఎంత ఉల్లాసంగా ఉంటుందో మనకు కొత్తగా చెప్పనక్కర్లేదు. ఒకే పలుకులో దిగులు స్వరం నుంచి ఉల్లాసపు స్వరానికి జారతాడు, మళ్లీ వెనక్కి వస్తాడు. గాంధారం దగ్గరైతే తీగను కొంచెం లాగి, సాధారణానికీ అంతరానికీ మధ్య ఎక్కడో నిలుపుతాడు. అది ఏడుపూ కాదు, నవ్వూ కాదు, రెండింటికీ మధ్య ఉన్న స్థానం. శాస్త్రీయ సంగీతంతో పోలిక ఇక్కడితో ఆగిపోతుంది, ఇది రాగం కాదు, రాగాలాపన అసలే కాదు. కానీ కింగ్ గిటార్ ఎందుకు ఒకేసారి బాధగానూ చమత్కారంగానూ వినిపిస్తుందో స్వరాల్లోనే కారణం ఉందని చెప్పడానికి ఇంతకంటే దగ్గరి దారి లేదు.

ఇక మాట. బీబీ కింగ్ మంచి మాటకారి. అది స్టేజీ మీద పుట్టుకతో వచ్చింది కాదు, రేడియోలో నేర్చుకున్నది. 1925 సెప్టెంబర్ 16న మిసిసిపీలో ఇట్టా బీనా దగ్గర పుట్టిన రైలీ కింగ్ పత్తి ఏరాడు, ట్రాక్టర్ తోలాడు. 1946లో ఒకరోజు ట్రాక్టర్ పొగగొట్టం విరగ్గొట్టి, యజమాని ఏమంటాడోనని భయపడి గిటార్ పట్టుకుని మెంఫిస్ పారిపోయాడు. తర్వాత తిరిగొచ్చి, బాకీ తీర్చి, 1948లో మళ్లీ వెళ్లాడు. మెంఫిస్‌లో డబ్ల్యూడీఐఏ అనే రేడియో స్టేషన్ అప్పుడే నల్లజాతి శ్రోతల వైపు మొగ్గుతోంది. అక్కడ పెప్టికాన్ అనే టానిక్కుకు ప్రకటన పాట కట్టి పాడి ఉద్యోగంలో కుదురుకున్నాడు. ఆ టానిక్కులో ఆల్కహాల్ ఉండేదని, చర్చికి వెళ్లే పెద్దవాళ్లు దాన్ని ఎందుకంత ఇష్టంగా కొనేవారో తనకు తర్వాత అర్థమైందని చెప్పి నవ్వించేవాడు. 'బీల్ స్ట్రీట్ బ్లూస్ బాయ్' అన్న రేడియో పేరే కుదించుకుపోయి బీబీ అయింది. కనబడని జనంతో రోజూ మాట్లాడి, పాటకీ పాటకీ మధ్య వాళ్లు స్టేషన్ మార్చకుండా పట్టుకోవడం రేడియోలో పాటలు వేసే డీజే పని. ఏ మాట దగ్గర ఆగాలో, ఎంతసేపు ఆగాలో అక్కడే అలవడి ఉంటుంది.

అలవాటుకు కొదవ కూడా లేదు. ఒక్క 1956లోనే ఆయన 342 కచేరీలు చేశాడని లెక్క. ఇంచుమించు రోజుకో ఊరు. ఇన్నిసార్లు చెప్పిన కథను మళ్లీ అప్పుడే తట్టినట్టు చెప్పగలగడం వేరే విద్య.

అయితే 1964 నాటికి పరిస్థితి అంత బాగా లేదు. ఆయన పాట 'త్రీ ఓ క్లాక్ బ్లూస్' రిథమ్ అండ్ బ్లూస్ చార్టుల్లో మొదటి స్థానానికి వెళ్లి పన్నెండేళ్లు దాటింది. నల్లజాతి కుర్రకారు సోల్, మోటౌన్ వంటి కొత్త పోకడ పాటల వెనక పడ్డారు. వాళ్లకు బ్లూస్ అంటే అమ్మానాన్నల పల్లెటూరి సంగీతం, మర్చిపోవాలనుకుంటున్న బతుకు. అలాంటి కుర్రవాళ్లు స్టేజీ మీదే తనను గేలి చేసిన రోజులున్నాయని కింగ్ తర్వాత చెప్పుకున్నాడు. తెల్లజాతి రాక్ శ్రోతలు ఆయన్ను నెత్తిన పెట్టుకోవడానికి ఇంకా మూడు నాలుగేళ్లు పడుతుంది. ఈ రెండింటి నడుమ ఆయనకు మిగిలినవాళ్లు తన వయసువాళ్లు, తన ఊళ్లవాళ్లు.

రీగల్‌లో కూర్చున్నది సరిగ్గా వాళ్లే. 20వ శతాబ్దంలో దక్షిణాది నుంచి ఉత్తరాది నగరాలకు, పడమటికి తరలిపోయిన నల్లజాతివాళ్లు సుమారు 60 లక్షల మంది. మిసిసిపీ నుంచి రైలెక్కినవాళ్లలో చాలామంది దిగింది చికాగో సౌత్ సైడ్‌లో. 1928లో 47వ వీధి దగ్గర కట్టిన రీగల్ వాళ్లకు సినిమా హాలు, కచేరీ హాలు, గర్వంగా చెప్పుకునే చోటు. కింగ్ అక్కడ అప్పటికే ఎన్నోసార్లు పాడాడు. రెండో పాటకు ముందు ఆయన మాట వినండి. ఇప్పుడు కాస్త వెనక్కి వెళ్లి పాత బ్లూస్ కొన్ని తీద్దాం, మీకు గుర్తున్న పాట తగిలితే గోల చేసి మాకు తెలియజేయండి అంటాడు. వెనక్కి అంటే కాలంలోనే కాదు, ఊరికి కూడా. జనానికి అది అర్థమైంది. ఆ నవ్వులో సగం గుర్తుపట్టిన నవ్వు. ఆ 1964 జులైలోనే జాతి వివక్షను నిషేధించే పౌరహక్కుల చట్టం వచ్చింది. రికార్డులో దాని ఊసే లేదు. కానీ తమ హాల్లో, తమ పాటకు, తమవాడి మీద తామే ఇంత గట్టిగా నవ్వుకోగలిగే జనం ధ్వని ఎలా ఉంటుందో ఉంది.

మొదటి పాట 'ఎవ్రీ డే ఐ హ్యావ్ ద బ్లూస్'. 1935లో పైన్‌టాప్ స్పార్క్స్ రికార్డు చేసిన పాట చేతులు మారి మారి 1955లో కింగ్ దగ్గరికి, కౌంట్ బేసీ జాజ్ బృందం దగ్గరికి చేరింది. రోజూ దిగులే, నన్ను ఎవరూ ప్రేమించరు అని సాహిత్యం. నడక మాత్రం పరుగు. శాక్సఫోన్లు ఉరకలు వేస్తుంటాయి. ఇంత హుషారుగా దిగులుపడే మనిషిని చూస్తే నవ్వు రాకుండా ఉండదు. ఆల్బమ్ స్వభావం మొదటి రెండు నిమిషాల్లోనే బయటపడుతుంది.

తర్వాతి మూడు పాటలు ఈ రికార్డుకు గుండెకాయ. మూడూ నెమ్మది పాటలు, తిశ్ర గతిలో ఊగుతూ, మధ్యలో ఆగకుండా ఒకదాన్లోంచి ఒకటి పుట్టుకొస్తాయి. 'స్వీట్ లిటిల్ ఏంజెల్'లో ప్రియురాలు దేవత. అయిదు సెంట్ల నాణెం అడిగితే ఇరవై డాలర్ల నోటు ఇస్తుంది. ఒక గుక్క మందు అడిగితే సారా బట్టీయే కొనిపెడుతుంది. 'ఇట్స్ మై ఓన్ ఫాల్ట్'లో ఆ దేవత చేజారిపోయింది, తప్పంతా తనదేనని ఒప్పుకుంటున్నాడు. ఆవిడ సంపాదించిన జీతం తెచ్చి తన చేతిలో పోసేదట, అప్పుడు తనకు ఆవిడ విలువ తెలియలేదు. మూడోది మొదట్లో చెప్పుకున్న 'హౌ బ్లూ కెన్ యు గెట్'. ఇప్పుడు తప్పంతా ఆవిడది. పొగడ్త, పశ్చాత్తాపం, ఫిర్యాదు. పదకొండు పన్నెండు నిమిషాల్లో ఒక కాపురం మొత్తం నడిచిపోతుంది. ఎవరి మాట నమ్మాలో వినేవాళ్ల ఇష్టం. సారా బట్టీ కొనిచ్చినావిడే క్యాడిలాక్ అడుగుతోందా, లేక ఈయన చెప్పేదంతా కట్టుకథేనా? హాల్లో ఆడవాళ్లు ఎంత గట్టిగా నవ్వుతున్నారో వింటే, ఈయన కథను వాళ్లు పూర్తిగా నమ్మడం లేదనిపిస్తుంది.

'హౌ బ్లూ కెన్ యు గెట్' రాసింది లండన్‌లో పుట్టిన జాజ్ విమర్శకుడు లెనార్డ్ ఫెదర్, ఆయన భార్య జేన్. 1949లోనే వేరే బృందం రికార్డు చేసింది. అంటే పత్తి చేలో పుట్టిన పాట కాదు, కాగితం మీద పుట్టిన చమత్కారం. పాడబోయే ముందు కింగ్ ప్రేక్షకులకు ఒక విన్నపం చేస్తాడు. నా గానాన్నో, బృందాన్నో పట్టించుకోవద్దు, మాటల మీద దృష్టి పెట్టండి అని. ప్రపంచం గిటార్ కోసం వినే రికార్డులో వాయించినవాడే సాహిత్యం వినమంటున్నాడు. ఫోర్డ్ దగ్గరికి వచ్చేసరికి తాళం తీరు మారుతుంది. బృందం ఒక్కసారి గట్టిగా కొట్టి ఆగిపోతుంది. నిశ్శబ్దంలో ఒక వాక్యం. మళ్లీ దెబ్బ, మళ్లీ నిశ్శబ్దం, ఇంకో వాక్యం. కారు, భోజనం, ఇల్లు. ప్రతి తిరస్కారమూ ముందుదాని కంటే పొగరుబోతుది. నాలుగో దానికి పాత లెక్క చెల్లదు, ఎందుకంటే పిల్లలు కొనిచ్చే వస్తువు కాదు. ఆ ఒక్క తేడాతో జాబితా కూలిపోయి హాలు లేస్తుంది. వాద్యాలు నోరు మూసుకోవడమే ఇక్కడ వాద్య సహకారం. డ్రమ్స్ మీద ఉన్న సోనీ ఫ్రీమన్ ఆ నిశ్శబ్దాల్ని ఒక్క అరక్షణం తప్పినా పాట నిలబడేది కాదు.

రికార్డు రెండో వైపు 'యు అప్‌సెట్ మి బేబీ'తో మొదలవుతుంది. 1954లో మొదటి స్థానానికి చేరిన హిట్. అమ్మాయి కొలతలు అంకెలతో సహా చెప్పి, ఆమె దెబ్బ చెట్టు విరిగి తన మీద పడినట్టు ఉందంటాడు. సరదాగానే ఉంటుంది, అంతకు మించి చెప్పుకోవడానికి ఏమీ లేదు. అసలు సరుకు దాని తర్వాత వచ్చే 'వర్రీ వర్రీ'లో ఉంది. ముందు చాలాసేపు గిటార్ ఒక్కటే మాట్లాడుతుంది. తర్వాత గొంతు అందుకుంటుంది, పైస్థాయికి వెళ్లి సన్నగా చీలి, పిల్లాడి గొంతులా మారుతుంది. ఆ దొంగ గొంతు దగ్గర ఆడవాళ్ల కేకలు రికార్డులోనే అతి బిగ్గరగా ఉంటాయి. ఆపైన ఉపన్యాసం. భర్త తాము అనుకున్నట్టు నడుచుకోకపోతే వాణ్ని గాయపరచొద్దని ఆడవాళ్లకు చెబుతాడు. తర్వాత మగవాళ్ల వైపు తిరుగుతాడు. ఆవిడ మరొకడితో ఉండగా దొరికినా తల మీద కొట్టొద్దు, కొడితే ఇంకాస్త తెలివి మీరిపోతుంది, మళ్లీ దొరకదు. మెల్లగా, తియ్యగా మాట్లాడండి.

ఈ జోకు ఇవాళ అంత హాయిగా మింగుడుపడదు. కొట్టొద్దన్న సలహా మంచిదే, కారణం మాత్రం దొరకదేమోనన్న భయం. పాఠం చెబుతున్నట్టు నటిస్తూ హాల్లోని మగవాళ్లను చూసి కన్నుగీటుతున్నాడు. దీన్ని ఆనాటి హాస్యం అని దాటేయడం తేలిక. యజమాని మీద పైకి చెప్పలేని కోపాన్నే బ్లూస్‌లో 'నా ఆడది నన్ను బాధపెట్టింది' అని మారువేషంలో పాడేవారని ఒక వ్యాఖ్యానం కూడా ఉంది. కొన్ని పాటలకు అది నప్పుతుంది. అన్నిటికీ అదే తాళంచెవి వాడితే, ఆడదాని మీద ఫిర్యాదు అచ్చంగా ఆడదాని మీద ఫిర్యాదే అయిన పాటల్ని కూడా కడిగేసినట్టవుతుంది. నిజానికి ఈ హాస్యం మగవాళ్ల సొత్తు కాదు. బ్లూస్‌ను మొదట రికార్డుల మీద నిలబెట్టిన మా రెయినీ, బెస్సీ స్మిత్ వంటి గాయనులు మగవాళ్లను ఇంతకంటే ఘాటుగా ఆడిపోసుకున్నారు. 'స్వీట్ లిటిల్ ఏంజెల్' మూలం కూడా ఒక స్త్రీ పాడిన పాటే. 1930లో లూసిల్ బోగన్ రికార్డు చేసిన 'బ్లాక్ ఏంజెల్ బ్లూస్', టాంపా రెడ్, రాబర్ట్ నైట్‌హాక్‌ల చేతుల్లోంచి వచ్చి కింగ్ దగ్గర ఇలా మారింది. రీగల్‌లో ఆడవాళ్లు అంత చనువుగా కేకలు వేయడం వెనక, ఈ వాదులాటలో తమ పక్షం పాటలు కూడా తెలిసిన ధీమా ఉందనుకోవచ్చు.

ఈ రెండో వైపు మిగిలిన మూడింటిలో 'వోక్ అప్ దిస్ మార్నింగ్' లాటిన్ నడకతో మొదలై స్వింగ్ అనే ఊగుడు నడకలోకి దూకుతుంది, విడిపోయిన ప్రియురాలి గురించి ఇంత కులాసాగా పాడటం ఆయనకే చెల్లు. 'యు డన్ లాస్ట్ యువర్ గుడ్ థింగ్ నౌ' మళ్లీ నెమ్మదిగా, గంభీరంగా సాగుతుంది. చివరి 'హెల్ప్ ద పూర్' అప్పుడే సింగిల్‌గా వచ్చిన కొత్త పాట. పాత బ్లూస్ విందాం రమ్మని పిలిచిన కచేరీ మార్కెట్ కోసం చేసిన పాటతో ముగియడం కొంచెం వెలితిగా ఉంటుంది. ఆల్బమ్‌లో బలహీనమైన చోటు ఏదంటే ఇదే.

బృందం చిన్నదే. శాక్సఫోన్ల మీద జానీ బోర్డ్, బాబీ ఫోర్టే, ట్రంపెట్ మీద కెన్నెత్ శాండ్స్, పియానో డ్యూక్ జెత్రో, బాస్ లియో లాషీ. ఎవరూ ముందుకు తోసుకురారు. ఊరూరా తిరిగి వాయించిన బృందానికి నాయకుడు ఎక్కడ ఊపిరి తీసుకుంటాడో తెలుసు. స్టూడియోలో అతుకులు వేసి ఇలాంటిది తయారుచేయడం సాధ్యం కాదు.

రికార్డు వచ్చినప్పుడు దేశమంతా ఊగిపోయిందేమీ లేదు. దాని పేరు మెల్లగా, వాద్యకారుల నోటి మాటగా పెరిగింది. 1960ల చివర్లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఫిల్‌మోర్ అనే రాక్ కచేరీ హాల్లో తెల్లజాతి కుర్రకారు లేచి నిలబడి కింగ్‌కు స్వాగతం పలికేనాటికి, ఇంగ్లండ్‌లోనూ అమెరికాలోనూ ఒక తరం గిటారిస్టులు ఆయన పలుకుల్ని స్వరం స్వరం కాపీ చేసి ఉన్నారు. 1969లో రికార్డు చేసిన 'ద థ్రిల్ ఈజ్ గాన్' ఆయన్ను ఇంటింటికీ తెలిసిన పేరు చేసింది. 2005లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ రీగల్ రికార్డును తన జాతీయ రికార్డింగ్ రిజిస్ట్రీలో చేర్చింది. రీగల్ థియేటర్ మాత్రం లేదు, 1973లో కూల్చేశారు. కింగ్ 2015 మే 14న చనిపోయాడు.

కాపీ కొట్టినవాళ్లకు ఆ వణుకు దొరికింది, ఆ లాగుడు దొరికింది. రాక్ గిటారిస్టుల చేతుల్లో బ్లూస్ సోలోలు పొడుగయ్యాయి, ధ్వని పెరిగింది, మొహాలు మరీ సీరియస్ అయ్యాయి. కింగ్ సోలో చాలాసార్లు రెండు బార్లలో అయిపోతుంది, ఎందుకంటే అది ఎవరి మాటకో బదులు. ఆ మాట తీసేసి బదులు మాత్రమే అరగంట వాయిస్తే ఎంత నైపుణ్యం ఉన్నా సంభాషణ కాదు. యాభై ఏళ్ల బ్లూస్-రాక్‌లో చాలా భాగం విసుగు పుట్టించడానికి కారణం వేళ్లలో లోపం కాదు, ఎదుటివాడిని నవ్వించే ఆలోచన లేకపోవడం.

ఈ తేడా తెలుసుకోవడానికి వేరే గిటారిస్టు దగ్గరికి కూడా వెళ్లనక్కర్లేదు. 1970 సెప్టెంబర్‌లో అదే చికాగోలో కుక్ కౌంటీ జైల్లో కింగ్ ఖైదీల ముందు పాడాడు. మరుసటి ఏడాది ఆ కచేరీ ఆల్బమ్‌గా వచ్చింది. మొదట్లో షెరీఫ్‌నూ ప్రధాన న్యాయమూర్తినీ పరిచయం చేస్తే ఖైదీలు ఏ మొహమాటమూ లేకుండా 'బూ' అని అరుస్తారు. ఆ తర్వాత కింగ్ 'ఎవ్రీ డే ఐ హ్యావ్ ద బ్లూస్' ఎత్తుకుంటాడు. వెంటనే 'హౌ బ్లూ కెన్ యు గెట్', దాని వెనకే 'వర్రీ వర్రీ'. రీగల్‌లో పాడిన మూడు పాటలు, ఆరేళ్ల తర్వాత, అదే ఊళ్లో. కానీ ఇక్కడ క్యాడిలాక్ అడిగే ఆవిడ లేదు, పెంట్‌హౌస్ లేదు, కొందరికి పిల్లల్ని చూసి ఏళ్లయి ఉంటుంది. కింగ్ ఆ పాటను మానేయలేదు, సానుభూతి కోసం మెత్తబరచనూ లేదు. ఫోర్డ్ నుంచి ఏడుగురు పిల్లల దాకా జాబితా మొత్తం చదివాడు. రెండు రికార్డుల్నీ వరసగా పెట్టుకుని ఆ ఒక్క పాట వినేవాళ్లు, గిటార్‌ను కాసేపు వదిలేసి, ఆయన చెప్పినట్టే మాటలూ, మాటలకు బదులొచ్చే గొంతులూ వినడం మంచిది.